ప్రతిమల నావమునఁ గాల్చు విధము



కుండ పగిలిన నొకదినపు కూలి పోవును. ప్రతిమ పగిలిన నెలదినముల శ్రమ పోవుటయేగాక, ఎగిరిన పెంకులు ప్రక్కనున్న పాత్రలనుగూడఁ జెఱచును. కావున నీ విషయమును మనము శ్రద్ధతో విచారింపవలసియున్నది.

పగులుటకు ముఖ్యకారణము లోన దాఁగిన తడి. నీరు 100 డిగ్రీల వేడికి ఆవిరియై, వెలికి దారి లేనియెడ మట్టిని చీల్చును. అందుచే బొమ్మను బోలుగా మలచి, గోడల మందము సమముగా నుంచి, అడుగున నొక రంధ్రము విడువవలెను. కొండాపురపు త్రవ్వకములలో దొరకిన శాతవాహనకాలపు బొమ్మలలోఁ గొన్ని రెండచ్చులతో బోలుగాఁ జేసినవే. మట్టిలో నిసుకగాని పెంకుపొడిగాని కలిపినఁ దడి సులువుగా వెడలును.

బొమ్మను నీడను నిదానముగా నాఱనిండు. చెక్కిలి కానించి చూడుఁడు. చల్లగాఁ దోఁచిన నింకను తడి యున్నదని యర్థము. ఆరంభమున సన్నని సెగయే చాలును. 573 డిగ్రీలయొద్ద మట్టిలోని పలుగుఱాతి రేణువులు తటాలున నుబ్బును. చల్లాఱునపు డచ్చటనే కుంచించును. కనుక వేడి యెక్కుటయు దిగుటయు మెల్లగా జరుగవలెను. ఆవము పూర్తిగాఁ జల్లాఱక తెఱవరాదు.

పొగలోఁ బ్రాణాంతకమగు వాయువు కలదు. మూసిన గదిలోఁ గాల్పకుఁడు; పిల్లలను దూరముగా నుంచుఁడు.

చేతి గుఱుతులతోఁ గాల్చు వృద్ధులు తగ్గుచున్నారు. వారి యెఱుక యువకుల కబ్బులోపల, మండలమున కొక్క ఉష్ణమాపకమునైన నుమ్మడిగాఁ గొని యుంచుటకు దాతలు తోడ్పడుదురుగాక యని వేఁడుచున్నాము.