విమానాశ్రయంలో పేచీ – చేతిలో కెమెరా



విమానమెక్కడమంటే ఒకప్పుడు మంత్రులకీ, సినిమావాళ్లకీ, పెద్ద పెద్ద ఆఫీసర్లకీ సంబంధించిన వ్యవహారం. మనబోటివాళ్లం ఆకాశంలో చప్పుడైతే పెరట్లోకి పరుగెత్తుకొచ్చి తలెత్తి చూసేవాళ్లం, అంతే. ఇవాళ అలా కాదు. అమ్మాయికి పురుడు పోయడానికి అమెరికా వెళ్లే తల్లులు, కొడుకు దగ్గరికి పూనా వెళ్లే అత్తగార్లు, కాశీయాత్రకు బయల్దేరిన దంపతులు, అందరూ శంషాబాదులోనో, గన్నవరంలోనో, రేణిగుంటలోనో విమానమెక్కుతున్నవాళ్లే. ప్రయాణాలు పెరిగాయి. వాటితోపాటు పేచీలూ పెరిగాయి. విమానం ఆలస్యమైంది, లేదా రద్దయింది, లేదా టిక్కెట్టు చేతిలో ఉండగానే సీటు లేదన్నారు. అప్పుడేం జరుగుతోందో మీరూ చూసే ఉంటారు. కౌంటరుకు ఇవతల ఉన్నవారి చేతిలో ఫోను పైకి లేస్తుంది. అవతల నిలబడ్డ అమ్మాయి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "వీడియో తీయకండి మేడమ్, ఇక్కడ తీయకూడదు" అంటుంది. "ఎందుకు తీయకూడదూ? తీస్తాను, నా హక్కు" అంటారు వీరు. ఇక అసలు సంగతి పక్కకు పోతుంది. విమానం ఎప్పుడు, డబ్బు ఎవరిస్తారు అనే ప్రశ్నలు మరుగునపడి, ఫోటో తీయడమే కొత్త తగాదా అయి కూర్చుంటుంది.

ఇంతకీ తీయవచ్చా? తీస్తే ఎంతవరకు? ఇదీ ఈవేళ మనం ముచ్చటించుకోబోయే విషయం.

ముందు, ఈ ఫోటోల అవసరం ఎందుకొస్తుందో చూద్దాం. 2017 ఏప్రిల్ 9న అమెరికాలోని షికాగో విమానాశ్రయంలో ఒక ఘోరం జరిగింది. లూయీవిల్ వెళ్లే యునైటెడ్ సంస్థ విమానంలో ప్రయాణికులంతా ఎక్కి కూర్చున్నారు. అప్పుడు, తమ సిబ్బంది నలుగురు ఆ ఊరు వెళ్లాలి, సీట్లు ఖాళీ చెయ్యమన్నారు సంస్థవారు. దిగినవారికి 800 డాలర్ల దాకా విలువచేసే వోచరు ఇస్తామన్నారు. ఎవరూ లేవలేదు. సంస్థవారే నలుగుర్ని ఎంచి దిగమన్నారు. వారిలో 69 ఏళ్ల డాక్టరుగారొకరు, "మర్నాడు నా రోగుల్ని చూసుకోవాలి, దిగను" అన్నారు. విమానాశ్రయ భద్రతాధికారులు వచ్చి ఆయన్ని సీట్లోంచి లాగి, నడవలో ఈడ్చుకుపోయారు. ఆ పెద్దమనిషి ముక్కు విరిగింది, రెండు పళ్లు ఊడాయి.

సంస్థ అధిపతి తన ఉద్యోగులకు రాసిన లేఖలో మొదట ఏమన్నాడో తెలుసా? సిబ్బంది పద్ధతి ప్రకారమే నడుచుకున్నారు, ఆ ప్రయాణికుడే మాట వినని మనిషి అన్నాడు. అదే చివరి మాట అయిపోయేదేమో! కాని ఆ విమానంలో ఉన్న తోటి ప్రయాణికులు తమ ఫోన్లలో జరిగిందంతా తీశారు. లోకమంతా చూసింది. ఒకటి రెండు రోజుల్లోనే ఆ అధిపతి స్వరం మారింది, క్షమాపణ వచ్చింది. ఆ నెలాఖరులోగా డాక్టరుగారితో రాజీ కుదిరింది, సీటు వదులుకునేవారికి ఇచ్చే సొమ్మును పదివేల డాలర్ల దాకా పెంచారు. 2021లో అమెరికా ప్రభుత్వం కూడా, సీట్లు చాలలేదన్న కారణంతో, విమానమెక్కిన ప్రయాణికుణ్ణి దింపకూడదని నిబంధన తెచ్చింది. ఇందులో చోద్యమేమిటంటే, అనుమతి లేకుండా సిబ్బందిని ఫోటో తీయకూడదని ఆ సంస్థ నిబంధన ఉండేది. ఆ ప్రయాణికులు ఆ నిబంధనకు తలొగ్గి ఊరుకుని ఉంటే, డాక్టరుగారి మాట ఎవరు నమ్మేవారు?

అంత దూరం ఎందుకు, మన రాంచీ సంగతే చూడండి. 2022 మే 7న అక్కడి విమానాశ్రయంలో ప్రత్యేక అవసరాలున్న ఒక పిల్లవాణ్ణి ఇండిగో సిబ్బంది విమానమెక్కనివ్వలేదు. పిల్లవాడు బెదిరిపోయి ఉన్నాడు, తోటివారికి ప్రమాదమన్నారు. సాటి ప్రయాణికులు అతని పక్షాన నిలబడ్డారు, అందులో డాక్టర్లు తాము చూసుకుంటామన్నారు. అయినా వినలేదు. పిల్లవాడూ, తల్లిదండ్రులూ దిగబడిపోయారు. ఆ సంగతి తోటి ప్రయాణికురాలు ఒకావిడ పూసగుచ్చినట్టు రాసింది, వీడియో బయటికొచ్చింది. పౌర విమానయాన డైరెక్టరేట్ విచారించి సంస్థకు 5 లక్షల రూపాయల జరిమానా వేసింది. అంతటితో ఆగలేదు. అదే ఏడాది జూలైలో నిబంధన సవరించింది. వైకల్యం ఉందన్న కారణంతో ప్రయాణం నిరాకరించకూడదు, ఆరోగ్యం గురించి అనుమానముంటే విమానాశ్రయంలోనే డాక్టరు చేత పరీక్ష చేయించి, ఆయన సలహా మీదనే నిర్ణయం తీసుకోవాలి. ఒక తల్లి కడుపుకోత వందల మంది తల్లులకు అండ అయిందంటే, చూసినవాళ్లు చూసింది దాచుకోకపోవడం వల్లనే కదా!

సరే, ఇదంతా విని, "అయితే తీయడం మన హక్కే" అని నిశ్చయించుకోకండి. మన దేశంలో ప్రయాణికుడికి విమాన సిబ్బందిని ఫోటో తీసే హక్కు ఉందని విడిగా రాసిపెట్టిన చట్టం ఏదీ లేదు. పైగా 1937 నాటి విమాన నిబంధనలలో 13వది, ప్రభుత్వ విమానాశ్రయంలో గానీ, ఎగురుతున్న విమానంలోంచి గానీ అనుమతి లేకుండా ఫోటోలు తీయకూడదంటుంది. "అదేమిటమ్మా, అందరూ సెల్ఫీలు తీసుకుంటూనే ఉన్నారుగా?" అంటారు మీరు. నిజమే. చూసీచూడనట్టు ఊరుకోవడం వేరు, హక్కు వేరు. విమానం లోపల మాత్రం 2004లో కొంత వెసులుబాటు ఇచ్చారు. 2020 సెప్టెంబరులో చండీగఢ్ నుంచి బొంబాయి వెళ్లే విమానంలో ఒక సినీతార చుట్టూ విలేఖరులు కెమెరాలతో ఎగబడ్డప్పుడు, డైరెక్టరేట్ కళ్లెర్రజేసి, ఇలాంటిది మళ్లీ జరిగితే ఆ దారిలో ఆ విమానాన్ని రెండు వారాలు ఆపేస్తామంది. మర్నాడే వివరణ ఇచ్చింది. ప్రయాణికులు విమానంలో ఫోటోలూ, వీడియోలూ తీసుకోవచ్చు. కాని గందరగోళం సృష్టించేవీ, భద్రతకు అడ్డువచ్చేవీ, సిబ్బంది వద్దన్నవీ తీయకూడదు. అంటే, విమానంలో సిబ్బంది "ఆపండి" అంటే ఆపవలసిందే. అక్కడ ఎదురాడితే 2017లో వచ్చిన అల్లరి ప్రయాణికుల నిబంధనలున్నాయి. నోటి దురుసుకు మూడు నెలలు, చెయ్యి చేసుకుంటే ఆరు నెలలు, ప్రాణాపాయం తెస్తే రెండేళ్లూ ఆపైనా విమానమెక్కనివ్వకుండా చేసే ఏర్పాటు అది.

ఇక భద్రతా తనిఖీ జరిగే చోట, సాయుధ సిబ్బంది కాపలా ఉండేచోట, విమానాలు నిలిచే మైదానంలో కెమెరా ఊసే వద్దు. అక్కడ మీ తగాదాకన్నా పెద్ద సంగతులుంటాయి. కౌంటరు దగ్గర మాత్రం ఒక్క మాట గుర్తుంచుకోండి. మీ చేతిలోంచి ఫోను లాక్కునే అధికారం గానీ, తీసింది బలవంతంగా చెరిపించే అధికారం గానీ అక్కడి ఉద్యోగికి లేదు. అభ్యంతరముంటే పై అధికారిని పిలవాలి. మీరూ అదే కోరండి.

ఇప్పుడు కౌంటరుకు అవతలివైపు వెళ్లి నిలబడదాం. ఆ అమ్మాయి ఎవరు? మన గుంటూరు పిల్లో, కరీంనగరు పిల్లో అయి ఉంటుంది. డిగ్రీ చదివి, ఇంగ్లీషు నేర్చుకుని, తెల్లవారుజామున కాబ్‌లో వచ్చి, ఆ ఎర్ర లిప్‌స్టిక్కూ, ఆ యూనిఫారమూ వేసుకుని, ఎనిమిది గంటలు నిలబడే పిల్ల. విమానం రద్దు చేసింది ఆమె కాదు. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేలసంఖ్యలో రద్దయ్యాయి. పైలట్ల పని గంటలకూ, విశ్రాంతికీ వచ్చిన కొత్త నిబంధనలకు సంస్థ సరిగా సిద్ధపడకపోవడం అందుకు పెద్ద కారణం. ఆ నిర్ణయాలు చేసినవారు ఎక్కడో ఉన్నారు. దేశమంతటా కౌంటర్ల దగ్గర తిట్లు తిన్నది మాత్రం ఈ పిల్లలు. ఆ రోజుల్లోనే ఒక తండ్రి, తన కూతురికి శానిటరీ పాడ్ ఇప్పించమని కౌంటరు దగ్గర గొంతు చించుకున్న వీడియో ఊరూరా తిరిగింది. ఆయన బాధకు ఎవరి గుండె కరగదు? అయితే అవతల నిలబడ్డ పిల్లలకు ఆ పాడ్ తెచ్చివ్వడానికి ఏ ఏర్పాటూ చేసిపెట్టనివారు ఆ వీడియోలో ఎక్కడా కనిపించరు. కెమెరా ఎదురుగా ఉన్నవాళ్లనే చూపిస్తుంది.

పరాయివాళ్లు అనుమతి లేకుండా మన ఫోటో తీస్తే ఎలా ఉంటుందో ఆడవాళ్లమైన మనకు వేరే చెప్పాలా? బస్సులో, బజారులో, పెళ్లిపందిట్లో ఎవడో ఫోను మనవైపు తిప్పాడని అనిపిస్తే చాలు, కొంగు సర్దుకుంటాం, ఒళ్లు మండిపోతుంది. కౌంటరు దగ్గర అమ్మాయి ఫోటో వీధికెక్కాక, తగాదా ఏమిటో ఎవరూ అడగరు. పిల్ల నలుపా, తెలుపా, లావా, సన్నమా, పొగరా అని వ్యాఖ్యానాలు మొదలవుతాయి. మీ టిక్కెట్టు డబ్బు వారంలో వస్తుంది. ఆ పిల్ల మొహం ఏళ్ల తరబడి అలా తిరుగుతూనే ఉంటుంది, రేపు పెళ్లి సంబంధం చూడవచ్చినవాళ్ల ఫోనులో కూడా. మనిషి ఏకాంతం ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ హక్కు యూనిఫారం వేసుకోగానే ఊడిపోయేది కాదు.

అయితే కెమెరా ఉద్యోగులకు శత్రువనీ అనుకోకండి. 2024 జనవరిలో ఢిల్లీ నుంచి గోవా వెళ్లవలసిన విమానం గంటల తరబడి ఆలస్యమైంది. ఆ సంగతి ప్రకటిస్తున్న పైలట్ మీదికి ఒక ప్రయాణికుడు పరుగెత్తుకెళ్లి కొట్టాడు. ఆ దృశ్యాన్నీ సాటి ప్రయాణికులే ఫోనులో తీశారు. అప్పుడు సాక్ష్యం ఉద్యోగి పక్షాన పలికింది.

అందుచేత నేను చెప్పేదొక్కటే. ఫోను సాక్షిగా వాడుకోండి, కొరడాగా వాడకండి. సాక్ష్యం అధికారుల ముందుకు వెళ్తుంది, కొరడా వీధిలో ఝళిపిస్తారు. తీసే ముందు, "ఇది ఎవరికి చూపించడానికి తీస్తున్నాను?" అని అడుగుకోండి. సగం తగాదా అక్కడే తీరిపోతుంది.

ఆచరణలో ఎలాగంటారా? మొదట మనుషుల్ని కాదు, వస్తువుల్ని తీయండి. టిక్కెట్టు, బోర్డింగు పాసు, వేళలు చూపించే బోర్డు, మీ ఫోనుకొచ్చిన సందేశం. చాలా ఫిర్యాదులకు ఇవే చాలు. తరువాత, "కారణం కాగితం మీద రాసివ్వండి" అని అడగండి. రాసివ్వకపోతే, సౌమ్యంగా చెప్పండి: "అమ్మాయ్, నీమీద నాకు కోపం లేదు. మీరు రాసివ్వనంటున్నారు కనుక, ఫిర్యాదు కోసం ఈ మాటలు రికార్డు చేసుకుంటున్నాను." చాటుగా తీయకండి, మొహంలో పెట్టి తీయకండి. కౌంటరు దాటి వెళ్లకండి. కంప్యూటరు తెర, ఇతరుల పాస్‌పోర్టులు, పక్కవాళ్ల పిల్లలు పడకుండా చూసుకోండి. ఎవరినైనా కొడుతున్నా, ఈడుస్తున్నా, అవమానిస్తున్నా అప్పుడు ఆలోచించనక్కర్లేదు. దూరంగా నిలబడి, దారికి అడ్డం రాకుండా తీయండి. తీసినదాన్ని కత్తిరించకుండా, అసలు రికార్డు ఉన్న ఫోనులోనే భద్రపరచండి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం, ఇటువంటి రికార్డును కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం జతచేయాలి. ముక్కలు చేసి పాటలు తగిలించిన వీడియో అందరినీ నవ్విస్తుందేమో గాని, న్యాయమూర్తిని ఒప్పించదు.

అన్నింటికన్నా ముందు, మీకు రావలసిందేమిటో తెలుసుకుని వెళ్లండి. 2016 ఆగస్టు నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం, ఖరారైన టిక్కెట్టుతో వేళకు వచ్చినా సీట్లు చాలవని మిమ్మల్ని ఎక్కించుకోకపోతే, అసలు వేళకు గంటలోగా బయల్దేరే మరో విమానం చూపించాలి. గంట దాటి, 24 గంటలలోపు విమానం ఇస్తే మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి దానికి రెట్టింపు, 10,000 రూపాయలకు మించకుండా పరిహారమివ్వాలి. అంతకన్నా ఆలస్యమైతే నాలుగు రెట్లు, 20,000 దాకా. ఈ లెక్క చేత్తో పట్టుకుని మెల్లగా అడిగే ఆడమనిషికి, ఫోను ఎత్తి అరిచే పదిమందికన్నా ఎక్కువ జవాబు దొరుకుతుంది. దొరక్కపోతే ముందు సంస్థ ఫిర్యాదుల అధికారికి, ఆపైన ప్రభుత్వంవారి ఎయిర్‌సేవకు రాయండి. అక్కడా తేలకపోతే 2019 చట్టం ప్రకారం మీరు కాపురముండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. విమానం ఢిల్లీలో ఆగిపోయినా, కేసు అనంతపురంలో వేసుకోవచ్చు.

చివరగా, విమాన సంస్థలవారికీ ఒక మనవి. ప్రయాణికులు ఫోన్లు ఎత్తుతున్నారని విసుక్కునే ముందు, ఎందుకెత్తుతున్నారో ఆలోచించండి. కౌంటరు దగ్గర చెప్పిన మాటను పై ఆఫీసు మర్నాడు కాదంటుంది కనుకనే ఎత్తుతున్నారు. కారణమేమిటో, రావలసిందేమిటో ఒక కాగితం మీద రాసి, కింద ఒక బాధ్యుడు సంతకం పెట్టి ఇవ్వండి. ఆ కాగితం చేతికందితే ఏ తల్లీ ఆ పిల్ల మొహం మీద కెమెరా పెట్టదు. మీ కౌంటరు దగ్గర నిలబడ్డ అమ్మాయిని జనం కోపానికి అడ్డంగా నిలబెట్టి, మీరు వెనక గదిలో దాక్కోవడం న్యాయం కాదు.

సోదరీమణులారా, ఈసారి ప్రయాణానికి సంచి సర్దుకునేటప్పుడు, మందులతోపాటు ఈ నాలుగు ముక్కలు రాసుకున్న చీటీ కూడా పెట్టుకోండి.