పేషీలో మన బిడ్డల ఫైలు

వైస్ ఛాన్సలర్ గారి పేషీలో పనిచేసే మాలాంటి వాళ్ల పేరు ఏ శిలాఫలకం మీదా ఉండదు. కానీ ఏ ఫైలు ముందు వెళ్లాలో, ఎవరికి ఎప్పుడు సమయం ఇవ్వాలో మా బల్ల దగ్గరే తేలుతుంది.

2014 విభజన చట్టం రెండు రాష్ట్రాలకూ గిరిజన విశ్వవిద్యాలయాలు ఇస్తామంది. ఆంధ్రప్రదేశ్‌కు 2019లో, తెలంగాణలోని ములుగుకు 2023లో గానీ పార్లమెంటు చట్టం రాలేదు. కాగితం ఆగితే ఎన్ని చదువులు ఆగుతాయో మనవాళ్లకు చెప్పక్కర్లేదు.

అందుకే, కుల ధ్రువపత్రం ఇంకా అందలేదని కొండ దిగి వచ్చిన బిడ్డను 'రేపు రా' అని తిప్పి పంపము. అర్జీకి వర్తించే నియమం వెతికి, నోట్ రాసి, గడువు దాటకముందే వీసీ గారి ముందు పెడతాం. సంతకం వారిది, వేళకు చేర్చే పూచీ మాది.

ఈ కొలువుల్లోకి మన పిల్లలూ రావాలి. జోహార్!