వేసవి శిబిరములో అన్న, అక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



వేసవి సెలవులలో పిల్లలను ఇల్లు విడిపించి, కొన్ని వారములపాటు ఒకచోట నుంచి, ఆటపాటలతోను అక్షరములతోను గడపించు పద్ధతిని శిబిరమనుచున్నారు. పగటి శిబిరములు గ్రంథాలయములకు క్రొత్తవి కావు. జిల్లా గ్రంథాలయ సంస్థలు వేసవిలో పిల్లలను చేరదీసి కథలు చదివించుచున్నవి, బొమ్మలు వేయించుచున్నవి. ఇచ్చట చెప్పబోవునది రాత్రికూడ పిల్లలు అచ్చటనే నిదురించు శిబిరమును గూర్చి. పగటి శిబిరమునకు ఉపాధ్యాయుడు చాలును. ప్రొద్దు గ్రుంకి ఉపాధ్యాయుడు ఇంటికి పోయిన పిదప ఆ పిల్లలకు దిక్కెవరో, వారిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

అమెరికావారు వీరిని కౌన్సెలర్లందురు. ఆ మాటను సలహాదారు అని తెనిగించినచో అర్థము చెడును. సలహా చెప్పుట వీరి పనిలో మిక్కిలి స్వల్పభాగము. పిల్లలే దీనికి మంచి మాటను కనిపెట్టినారు: అన్న, అక్క. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు రేడియో అన్నయ్య, అక్కయ్యలై ఆంధ్రదేశపు పిల్లలకెల్ల తోబుట్టువులైరి. 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును నెలకొల్పిరి. అయితే రేడియో కార్యక్రమము ముగియగానే పిల్లలు తమ యిండ్లకు చేరుకొనెడివారు. శిబిరపు అన్నకు ఆ వెసులుబాటు లేదు.

ఈ పద్ధతి పుట్టుక విదేశములలోనిది. 1861లో ఫ్రెడరిక్ గన్ అను అమెరికా ఉపాధ్యాయుడు తన బడిపిల్లలను సముద్రతీరమునకు నడిపించుకొనిపోయి, కొన్ని దినములు డేరాలలో నుంచెను. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ ద్వీపమున ధనికుల బిడ్డలను, శ్రామికుల బిడ్డలను కలిపి శిబిరము నడపెను. పిల్లలను చిన్న చిన్న దళములుగ విభజించి, ఒక్కొక్క దళమునకు ఒక పెద్ద పిల్లవానిని నాయకునిగ నుంచుట అచ్చటి విశేషము. ఆ స్కౌటు శిబిరములు పిమ్మట మన దేశమునకును వచ్చినవి. వానివలన కలిగిన మేలును కాదనరాదు. కాని అవి చాలవరకు బడిలో చేరియున్న పిల్లలకు ఉద్దేశింపబడినవి. బడి ముఖమే చూడని పిల్లల సంగతి వేరు.

అనంతపురపు మెరక నేలలో ఆ పిల్లల సంగతియే ముఖ్యము. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము ఇచ్చటిది. నైరుతి మేఘములు పడమటి కనుమలలోనే చాలవరకు వట్టిపోవును; ఈశాన్యపు మేఘములకు తూర్పు తీరము దూరము. 2022లో జిల్లా రెండయినది గాని ఆకాశము రెండు కాలేదు. పెనుకొండ, ధర్మవరము, కదిరి ప్రాంతములు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను వానల లెక్క మారలేదు. వేరుశనగ చేతికి రాని యేట తల్లిదండ్రులు బెంగుళూరు కూలికి పోవుదురు. వెంట పోయిన పిల్లవాడు ఇటుకలు మోయును, ఇంటనుండిన పిల్లవాడు గొఱ్ఱెల వెంట పోవును. ఆడపిల్ల చెల్లెలిని చంకనెత్తుకొని విత్తనపు కాయ లొలుచును. ధర్మవరపు మగ్గముల యిండ్లలో కండెలు చుట్టిన చిన్న చేతులును కలవు. వేసవి సెలవులనునవి బడికి పోవు పిల్లలకే కలవు గదా! ఈ పిల్లలకు ఏ నెలయును సెలవు కాదు.

ఇట్టి పిల్లలకొరకు శిబిరములు నడపినవారిలో మామిడిపూడి వేంకటరంగయ్య ప్రతిష్ఠానమువారిని ముందుగ చెప్పవలెను. చరిత్రకారులును రాజనీతి పండితులునగు వేంకటరంగయ్యగారి పేర 1981లో అది ఏర్పడినది. ఆయన మనుమరాలు శాంతా సిన్హాగారి నాయకత్వమున 1991 మొదలు రంగారెడ్డి జిల్లా పల్లెలలో, పనిలోనున్న పిల్లలను విడిపించి, శిబిరములలో నుంచి, వయస్సునకు తగిన తరగతిలో చేర్చు పని సాగినది. బడి బయటనున్న ప్రతి పిల్లవాడును పనిపిల్లవాడే అని వారి సిద్ధాంతము. 2003లో ఆమెకు రామన్ మెగసెసే బహుమానము వచ్చినది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల సంఘమునకు ఆమెయే తొలి అధ్యక్షురాలు. ఇవి అందరెరిగిన సంగతులే. అంతగా పేరెక్కనివారు ఆ శిబిరములలో పిల్లల ప్రక్కన చాపపై పండుకొనిన యువకులు, యువతులు. వారిలో అనేకులు ఆ పల్లెలవారే; తమ యింట తొలిసారిగ చదువుకొన్నవారు.

శిబిరములో మొదటి మూడు రాత్రులే గండము. పగలంతయు బంతియాటలో మునిగిన పిల్లవాడు దీపము తగ్గించగానే మోకాళ్లు ముడుచుకొని, "అన్నా, మాయమ్మ తావకు పోతా" అని మొదలుపెట్టును. ఒకని యేడ్పు నలుగురికి అంటుకొనును. అప్పుడు "ఏడవకు" అని గదుముట తెలియనివాని పని. "రేపు పంపెదము" అని బొంకుట అంతకన్న కీడు. మరునాడు ఆ పిల్లవాడు ఏ మాటను నమ్మడు. అనుభవము గల అక్క ఆ పిల్లవాని తల్లిని గూర్చియే అడుగును. ఏ ఊరు, ఏమి వండును, గొఱ్ఱె లెన్ని, వాటి పేళ్లేమి. గొఱ్ఱెలను పేళ్లతో పిలుచు పిల్లవాడు పదునాలుగు పేళ్లు చెప్పునప్పటికి నిద్రలోనికి జారును. పక్క తడిపిన పిల్లవానిని తెల్లవారకముందే లేపి, ఇతరులు చూడకుండ చాప కడిగి, మారుమాట లేక ఊరకుండుట మరియొక విద్య. ఒక్క పరిహాసపు మాట చాలును, మరునాటికి ఆ పిల్లవాడు గోడ దూకుటకు.

మూడవనాడో నాలుగవనాడో తండ్రి వచ్చును. "ఏమప్పా, పిల్లోడు ఈడ్నే ఉంటే గొర్రెలెవురు కాస్తారప్పా?" అని అడుగును. ఆతనికి చట్టము చదివి వినిపించిన ప్రయోజనము లేదు. "చిన్నాయనా, ఈ రాత్రికి నువ్వూ ఈడ్నే పండుకో, పొద్దున్నే మాట్లాడుకుందాం" అను అన్న ఆతనిని గెలుచును. బిడ్డ తిన్న సంగటి తాను తిని, బిడ్డ వ్రాసిన పేరు పలకమీద చూచి, తండ్రి ఒక్కడే తిరిగిపోవుట కలదు. బిడ్డ చేయి పట్టుకొని పోవుటయు కలదు. అప్పుడు వెనువెంటనే ఆ యింటికి పోవలసినదియు ఆ అన్నయే.

పనిచేసి పెరిగిన పిల్లల విషయములో క్రొత్త కార్యకర్తలకు అంతుపట్టని సంగతి ఒకటి కలదు. వారు కోడికూతకే లేతురు. ఎవరును చెప్పకయే చీపురు పట్టుదురు, బిందె యెత్తుదురు, వంటవారికి కట్టెలు చీల్చుదురు. చూచువారికి ముచ్చటగా నుండును, "ఎంత బుద్ధిమంతుడు!" అనబుద్ధియగును. అచ్చటనే జాగ్రత్త కావలెను. ఆ పిల్లవాడు తన తిండికి తాను బదులు తీర్చుచున్నాడు. పని చేయనిచో తరిమివేయుదురేమోయని వాని భయము. ఆ పనిని మెచ్చుకొనినకొలది ఆ భయము గట్టిపడును. చీపురు మెల్లగ తీసికొని వరుస ప్రకారము అన్నతోసహ అందరికి పంచి, వానిని బొంగరమునకు పంపవలెను. ఆడుకొనుట తెలియని పిల్లవానికి ఆట నేర్పుట అక్షరము నేర్పుటకన్న కష్టము. కొందరు మొదటి వారమంతయు ఆట చూచుచు గోడవారనే నిలిచియుందురు.

ఇక నీళ్లు. నూరుమంది పిల్లలున్నచోట స్నానమునకు, త్రాగుటకు, బట్టలకు నీరు తెచ్చుట ఈ మెరకలో యజ్ఞమే. ట్యాంకరు రాని దినమున శిబిరము లేదు. తొలివారములో తల పేలు, గజ్జి మాన్పవలసియుండును గనుక పొదుపు కూడ చెల్లదు. పండుకొనుచోటును ఎంచుకొనవలెను. మన మట్టిమిద్దెల యిండ్లలో వేసవి రాత్రులు మిద్దెపై పండుకొనుట అలవాటే గాని, పిట్టగోడ లేని బడి మిద్దెమీద, నిద్రలో లేచి నడచు పిల్లలను ఉంచరాదు. ముంగిలియే మేలు. చాప విదిలించి తేళ్లు చూచుకొనుట ప్రతి రాత్రియు మరువరాని పని. తిండి సంగతి సులభము: ఉదయము ఉగ్గాని, రాత్రి రాగిసంగటి, ఊరుబిండి యున్నచో ఫిర్యాదు చేయు పిల్లవాడు ఉండడు.

ఆడపిల్లల శిబిరమును అక్కలే నడపవలెను. ఎంతటి నమ్మకస్థుడైనను ఒక్క పెద్దమనిషి ఒక్క పిల్లతో మూసిన గదిలో నుండరాదు, రాత్రి కావలి ఇద్దరుండవలెను, దీపము ఆర్పరాదు. ఇది అనుమానము కాదు, కట్టడి. బాలలపై లైంగిక నేరములకు 2012లో ప్రత్యేక చట్టము వచ్చినది. ఆపదలోనున్న పిల్లలకు 1098 అను టెలిఫోను సంఖ్య యున్నది. ఆ సంఖ్యను పిల్లలకు కంఠస్థము చేయించుట శిబిరపు మొదటి పాఠములలో చేరవలెను. ఊరి పెద్దలు శిబిరమునకు బియ్యము పంపుటతో తృప్తిపడక, చెప్పకుండ ఒక రాత్రి వచ్చి చూచిపోవుట మంచిది. దానికి కష్టపెట్టుకొను కార్యకర్త ఆ పనికి తగడు.

గ్రంథాలయము చేయదగిన సాయమొకటి కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలపై పడవ గ్రంథాలయమును నడపిరి. ఇచ్చట పడవలు రావు. కాని ఒక పెట్టెడు పుస్తకములు సైకిలుపై పోగలవు. 1947లో పుట్టిన చందమామ పాత సంచికలు అటకపై కట్టలుగ పడియున్న యిండ్లు నేటికిని కలవు. రాత్రి దీపము వద్ద అక్క చదువుచుండగా, బొమ్మ చూచుటకు ముందుకు జరిగిన పిల్లవాని కన్ను క్రమముగ బొమ్మనుండి అక్షరముమీదికి జారును. అచ్చటి చదువునకు గంట కొట్టనక్కరలేదు.

జూనులో బళ్లు తెరచుదురు. పదునొకండేండ్ల పిల్లవానిని ఒకటవ తరగతిలో పసివారి నడుమ కూర్చుండబెట్టినచో రెండుదినములకే సిగ్గుపడి పారిపోవును. అందుచేతనే విద్యాహక్కు చట్టమున వయస్సుకు తగిన తరగతి, దానికి ముందు ప్రత్యేక శిక్షణ విధింపబడినవి; ఆ చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. శిబిరముల అనుభవమునకు, ఈ విధికి గల పోలిక చూచినవారికి తోచకపోదు.

కాని అన్నకు, అక్కకు అసలు పరీక్ష అప్పటికి తీరదు. వాన రాని యేట పిల్లలు బెంగుళూరికి పోవుదురు. వాన వచ్చిన యేట విత్తనమునకు ప్రతి చేయియు కావలెను గనుక చేనికి పోవుదురు. తొలకరి వాన కురిసిన మరునాడు హాజరు పట్టీలో గైరుహాజరైన పేళ్లు చూచుకొని, శిబిరములో తన ప్రక్కన పండుకొనిన పిల్లవాడెవడో వెదకుచు, అన్న బురదలో ఆ చేనిగట్టున పోవలసియుండును. వానిని చూడగానే గుంటక వెనుకనున్న పిల్లవాడు తల వంచుకొనును. తండ్రి ఎద్దులను నిలిపి, "ఇంగ రెండు దినాలప్పా, ఇత్తనం అయిపోతానే పంపిస్తా" అనును. ఆ రెండు దినములు లెక్కపెట్టుకొని మూడవనాటి ఉదయము అన్న మరల ఆ గట్టుపైననే నిలిచియుండవలెను.