మొక్కలకు పందిరి మంచం

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పప్పుచారు దించేవేళకు చేతికి నాలుగు కొత్తిమీర రెబ్బలు తగలకపోతే ప్రాణం ఉసూరుమంటుంది గదండీ! బజారులో కట్ట కొంటే సగం వేళ్ళు, పావు బురద. ఇంట్లోనే నాలుగు గింజలు చల్లుకుంటే పోలేదా అని మనందరికీ అనిపిస్తుంది. అయితే చల్లుకోవడానికి పెరడు ఏదీ? పెరడు మాట దేవుడెరుగు, ఎండ ఏదీ?

మేముండేది విజయవాడలో, మొదటి అంతస్తులో ఒక అద్దె వాటా. బాల్కనీలోంచి చెయ్యి చాపితే పక్కవాళ్ళ గోడ తగులుతుంది. సూర్యభగవానుడి దర్శనం మధ్యాహ్నం ఒక అరగంట, అదీ తీగమీద ఆరేసిన బట్టలకే. మామగారు పోయాక మా అత్తయ్యగారిని కోనసీమ నుంచి ఇక్కడికి తీసుకొచ్చుకున్నాం. యాభై ఏళ్ళపాటు పెరట్లో కరివేపాకు, గోంగూర, ఆనప పాదు, అరటి పిలకలు పెంచిన మనిషి ఆవిడ. వచ్చిన కొత్తలో పాత బకెట్లలో మట్టి పోసి మెంతులు చల్లారు. మొలకలు వచ్చాయి గాని తెల్లగా, సన్నగా దారప్పోగుల్లా సాగి వెలుతురు వైపుకు వాలిపోయాయి. "ఇవి మొక్కలు కావే అమ్మాయ్, జ్వరపడి లేచిన పిల్లలు" అని బకెట్లు బోర్లించేశారు. డాబా మీద పెంచుదామంటే నాలుగంతస్తుల మెట్లు, ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ఆ తర్వాత ఆవిడ మొక్కల మాటెత్తడమే మానేశారు. అది నాకు బాధ కలిగించింది.

ఎండ రాని ఇంట్లో దీపం వెలుతురుతో మొక్కలు పెంచవచ్చునని మా అబ్బాయి చెప్పాడు. "దీపానికి మొక్క మొలుస్తుందట్రా!" అని అత్తయ్యగారు నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఇది నిన్నమొన్నటి సంగతి కాదట. 1880లోనే ఇంగ్లండులో విలియం సీమెన్స్ అనే ఇంజనీరు రాత్రివేళ విద్యుద్దీపం వెలుగు పడేటట్టు పెట్టి మొక్కల పెరుగుదలను పరీక్షించాడు. ఆ కాలపు దీపాలకు వేడి ఎక్కువ, ఖర్చు ఎక్కువ. ఇప్పుడు మనకు ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి. నీలి కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని కనిపెట్టినందుకు జపాను దేశంలో పుట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ నీలి కాంతి దొరికాకనే ఈ తెల్లని ఎల్.ఇ.డి. దీపాలు సాధ్యమయ్యాయి. ఆకుకూరలకు ఊదారంగు దీపాలే కావాలని లేదు, ఇంట్లో వాడుకునే నాలుగడుగుల తెల్ల దీపాలు చాలు. ఇరవై వాట్ల దీపాలు నాలుగు, రోజుకు పన్నెండు గంటలు వెలిగితే ఒక యూనిట్టుకు కాస్త తక్కువ. నెలకు సుమారు 29 యూనిట్లు. ఈ లెక్క మావారికి ముందే చెప్పి ఒప్పించాను సుమండీ!

ఇక అసలు కథ. దీపాలు కొనడం తేలికే, వాటిని నిలబెట్టేదెలా? అద్దె ఇల్లు గనక గోడకు, పైకప్పుకు మేకు దించడానికి వీల్లేదు. నేను తెలివిగా బట్టలు ఆరేసుకునే మడత స్టాండు తెచ్చి, దాని పై కడ్డీకి రెండు దీపాలు తాళ్ళతో కట్టి, కింద కుండీలు పెట్టాను. వారం రోజులు బాగానే ఉంది. మొలకలు పచ్చగా లేచాయి. అత్తయ్యగారు పొద్దున్నే చిన్నపీట వేసుకుని వాటి ముందు కూర్చునేవారు.

ఎనిమిదో రోజున, పీట మీంచి లేవబోతూ ఆవిడ ఆ స్టాండును పట్టుకున్నారు. వయసు మళ్ళినవాళ్ళు లేచేటప్పుడు చేతికి ఏది అందితే అది పట్టుకుంటారు గదా! స్టాండు ఒక్క ఊపున ముందుకు ఒరిగింది. దీపాలు రెండూ ఆవిడ భుజం మీదుగా పడ్డాయి. కుండీ పగిలి నేలంతా నీళ్ళు. అదృష్టవశాత్తు అప్పటికి స్విచ్ వెయ్యలేదు. భుజం వాచిందే గాని ఎముకకు ఏమీ కాలేదు. "నాదే తప్పే అమ్మాయ్, పట్టుకోకుండా ఉండాల్సింది" అన్నారావిడ. ఆ మాటకు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తప్పు ఆవిడది కాదు, నాది. దీపాల బరువెంత అని ఆలోచించానే గాని, దాన్ని పట్టుకునే చెయ్యి ఒకటుంటుందని ఆలోచించలేదు.

ఈ రోజు మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. దీపాల బరువు అయిదు కిలోలు కూడా ఉండదు. కాని ఇంట్లో నిలబెట్టిన ప్రతి వస్తువునూ పెద్దవాళ్ళు పట్టుకుని లేస్తారు, పిల్లలు పట్టుకుని ఊగుతారు. కాబట్టి చట్రం కట్టేటప్పుడు ఆ చేతులనే లెక్కలోకి తీసుకోవాలి.

రెండోసారి ఎలా కట్టించాలో అత్తయ్యగారే చెప్పారు. "మన ఊళ్ళో పందిరి మంచం చూశావుగా? నాలుగు కోళ్ళు, పైన దోమతెరకు పందిరి. పిల్లలంతా ఎక్కి దూకినా కదిలేది కాదు. మొక్కలకీ అట్లాంటిదే చేయించు" అన్నారు. నిజమే! పరుపు ఉన్నచోట కుండీలు, దోమతెర ఉన్నచోట దీపాలు.

అటక మీద వాడకుండా పడివున్న టేకు నవారు మంచం ఒకటుంది. దాని పొడుగు పట్టెలు రెండు, పొట్టి పట్టెలు రెండు పనికొచ్చాయి. మిగతా చెక్క టింబరు డిపోలో రెండంగుళాల చదరపు బద్దలుగా కొన్నాం. వడ్రంగి మేస్త్రికి రెండు రోజుల పని పట్టింది. కొలతలు చెబుతాను, కాగితం, పెన్సిలు ఉంటే రాసుకోండి.

నిలువు కోళ్ళు నాలుగు, ఒక్కొక్కటి నాలుగున్నర అడుగులు. వీటిని రెండేసి చొప్పున, అడుగున్నర ఎడంతో నిలబెట్టి పక్క చట్రాలు రెండు చేసుకోవాలి. ఒక్కొక్క పక్క చట్రం కింద రెండున్నర అడుగుల అడ్డపాదం ఉండాలి. మంచం పొట్టి పట్టెలు దీనికే వాడాం. పాదం కోళ్ళకు ముందూ వెనకా ఆరేసి అంగుళాలు చొచ్చుకొస్తుంది. ఎవరైనా పట్టుకుని లాగినప్పుడు చట్రం ఒరగకుండా ఆపేది ఈ ఆరంగుళాలే. ముందుకు వచ్చిన కొనలను గుండ్రంగా చిత్రిక పట్టించి, చీకట్లో కాలికి తగలకుండా తెల్లరంగు వేయించాను. గచ్చు మీద జారకుండా పాదాల అడుగున రబ్బరు బిళ్ళలు బిగించాలి.

ఈ రెండు పక్క చట్రాలను కలిపేవి పొడుగు పట్టెలు ఆరు. నేలకు ఆరంగుళాల ఎత్తున రెండు, రెండడుగుల ఎత్తున రెండు, పైన రెండు. కోళ్ళ మధ్య లోపలి కొలత నాలుగడుగుల మూడంగుళాలు ఉంటే నాలుగడుగుల దీపం హాయిగా ఇముడుతుంది. రెండడుగుల ఎత్తున బల్లచెక్క పరిచి దానిమీద కుండీలు పెట్టాలి. పీట మీద కూర్చున్నవాళ్ళకు చెయ్యి అందే ఎత్తు అది. కింది అరలో ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాలు రెండు పెట్టాను. లీటరు నీళ్ళు కిలో గదా, అంటే కాళ్ళ దగ్గర నలభై కిలోల బరువు. బరువు కింద ఉండి పైన తేలికగా ఉంటే దేన్నయినా పడగొట్టడం కష్టం. మొక్కలకు నీళ్ళు పొయ్యగానే ఆ డబ్బాలు మళ్ళీ నింపెయ్యాలి, ఖాళీగా ఉంచకూడదు.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. నాలుగు చీపురుపుల్లలు తీసుకుని, మూలల దగ్గర దారంతో కట్టి చదరం చెయ్యండి. మూల పట్టుకుని నొక్కితే అది ఇటూ అటూ వాలిపోతుంది. అయిదో పుల్లను ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా కట్టండి. ఇక కదలదు! చదరం వాలుతుంది, త్రిభుజం వాలదు. అందుకని చట్రం వెనక వైపు రెండు ఏటవాలు బద్దలు ఇంటూ గుర్తులాగా వేయించాలి. పక్క చట్రాల్లో కోలూ పాదమూ కలిసే మూలల్లో జానెడు ముక్కలు ఏటవాలుగా బిగించాలి. మా మేస్త్రి మొదట "ఇంత చిన్న దానికి ఇంటూ బద్దలెందుకు అమ్మగారూ?" అన్నాడు. చీపురుపుల్లల పరీక్ష చూపించాక నవ్వుకుంటూ వేసిపెట్టాడు.

మేకులతో మాత్రం సరిపెట్టుకోకండి. ఊగి ఊగి మేకు వదులవుతుంది. ముఖ్యమైన కీళ్ళన్నిటికీ బోల్టు, నట్టు, వాషరు వేయించండి. రంధ్రం ముందు బెజ్జంతో వేసుకుంటే చెక్క చీలదు. నెలకోసారి స్పానరుతో బిగించుకోవచ్చు, ఇల్లు మారేటప్పుడు విప్పుకుపోవచ్చు. బిగించే ముందు మూల నుంచి మూలకు టేపు పెట్టి రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ సమానమైతేనే చట్రం సరిగ్గా ఉన్నట్టు. తరవాత రసమట్టం పెట్టి చూడాలి. గచ్చు ఎత్తుపల్లాలుంటే పాదం కింద పల్చని చెక్క బిళ్ళ పెడితే సరిపోతుంది. నీళ్ళు పడే చోటు గనక చెక్కకంతటికీ రెండుసార్లు రంగు వేయించడం మరిచిపోకూడదు.

దీపాలు నాలుగింటినీ ఒక తేలికపాటి చెక్క చట్రానికి బిగించి, ఆ చట్రాన్ని నాలుగు మూలలా సన్నని ఇనుప గొలుసులతో పై పట్టెలకు వేలాడదీశాం. కొక్కెం ఒక్కొక్క గొలుసు కన్ను మారిస్తే దీపాలు పైకీ కిందికీ జరుగుతాయి. ఆకుకూరలకు దీపం ఆరు నుంచి తొమ్మిది అంగుళాల ఎత్తులో ఉండాలి. మొక్క ఎదిగినకొద్దీ దీపం పైకి లేపాలి. దూరం ఎక్కువైతే మళ్ళీ పాత కథే, మొక్క పీలగా సాగుతుంది.

కరెంటు విషయంలో మాత్రం పొదుపు చెయ్యకండి. తీగల కీళ్ళు ఎలక్ట్రీషియను చేతనే వేయించండి. మూడు కాళ్ళ ప్లగ్గు, ఎర్తు ఉన్న సాకెట్టు తప్పనిసరి. కరెంటు దారితప్పి నేలకు పారితే తనంతట తానే ఆగిపోయే ఆర్.సి.సి.బి. అనే మీట ఇంట్లో ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే పెట్టించండి. తీగ ప్లగ్గులోకి వెళ్ళే ముందు జానెడు కిందికి వంగి మళ్ళీ పైకి వెళ్ళాలి. అలా ఉంటే తీగ వెంబడి జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, సాకెట్టులోకి పోదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేలమీద పెట్టకూడదు. నీళ్ళు పోసే ముందు స్విచ్ ఆపి ప్లగ్గు తీసెయ్యాలి. ఇది మా ఇంట్లో చట్టం. చెక్కకు బదులు రంధ్రాల ఇనుప యాంగిళ్ళతో చేయించుకునేవాళ్ళు ఆ చట్రానికి కూడా ఎర్తు తీగ వేయించుకోవాలి.

దీపం రాత్రంతా వెలగనివ్వకండి. మొక్కకూ చీకటి కావాలి. పైగా పగలు మరీ పొడుగైతే కొత్తిమీర ఆకు మానేసి తొందరగా పూతకు వస్తుంది. పన్నెండు గంటలు చాలు. ప్లగ్గుకు తగిలించే టైమరు కొనుక్కుంటే మనం గుర్తుపెట్టుకునే పని కూడా ఉండదు. మెంతులు మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, ఇరవై అయిదు రోజులకు కూరకు వస్తాయి. ధనియాలను రెండు బద్దలయ్యేటట్టు నలిపి, నానబెట్టి చల్లితే వారం పది రోజుల్లో మొలుస్తాయి. పుదీనా అయితే బజారు కట్టలోంచి నాలుగు కాడలు నీళ్ళలో ఉంచి, వేళ్ళు వచ్చాక గుచ్చితే సరి. టమాటా, వంకాయ కాయలకు మాత్రం ఈ వెలుతురు చాలదు. వాటికి నారు పెంచుకుని ఎండ ఉన్నవాళ్ళకు ఇచ్చెయ్యండి.

చట్రం తయారయ్యాక కుండీలు, దీపాలు పెట్టకముందే పరీక్షించాం. మా అబ్బాయి పట్టుకుని ముందుకు లాగాడు, పక్కకు నెట్టాడు. మావారు పై పట్టె పట్టుకుని తమ బరువు కొంత దానిమీద వేశారు. కదల్లేదు. అత్తయ్యగారు మాత్రం దూరంగానే నిలబడ్డారు. పాత భయం పోలేదు. "మీరూ ఒకసారి పట్టుకుని చూడండి అత్తయ్యా" అన్నాను. పీట మీద కూర్చుని, కోలు పట్టుకుని మెల్లగా లేచారు. లేచాక దాన్ని రెండుసార్లు తట్టి, "ఇది మంచమేనే" అన్నారు.

ఇప్పుడు రోజూ పొద్దున్న ఆవిడ పీట అక్కడే ఉంటుంది. మెంతికూర ఎప్పుడు కోయాలో, పుదీనా ఎప్పుడు తుంచాలో ఆవిడే చెబుతారు. పక్కింటివాళ్ళకు కూడా ఆవిడ చేత్తోనే ఇస్తారు. మా ఇంట్లో మళ్ళీ ఆవిడకొక పెరడు వచ్చింది. వెడల్పు అడుగున్నరే అనుకోండి!

నేను పదో తరగతి వరకే చదివినదాన్ని. ఇంజనీరింగు నాకేం తెలుసు? తెలిసిందల్లా పాదం వెడల్పు, కింద బరువు, మూల నుంచి మూలకు బద్ద, కీలుకు బోల్టు. మీ ఇంట్లో దీపాల చట్రం కట్టించినా, కుండీల స్టాండు చేయించినా, చివరికి బట్టల స్టాండు కొన్నా, ముందుగా మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కడ కూర్చుంటారో, దేన్ని పట్టుకుని లేస్తారో ఒకసారి గమనించి చూడండి. కొలతల మాట ఆ తరవాత.