పల్లెకు తీగ చేరిన తరువాత
(సూరత్‌లో తెలుగు శ్రోతల సమక్షంలో చేసిన ప్రసంగ పాఠం)



1928లో ఈ జిల్లాలోని బార్డోలీ తాలూకాలో భూమి శిస్తును 22 శాతం పెంచినందుకు రైతులు చెల్లింపు నిలిపివేసిన సంగతి పాఠ్యపుస్తకాలలో ఉన్నది. సర్దార్ వల్లభభాయి పటేల్ నాయకత్వం, రైతుల త్యాగం అందరూ ఎరిగినవే. అంతగా ప్రస్తావనకు రానిది ఆ పోరాటంలోని వార్తా ప్రసారం. తాలూకాలో పలుచోట్ల శిబిరాలు నెలకొల్పారు. ప్రతిదినం ఒక వార్తాపత్రిక అచ్చయి ఊరూరికి చేరేది. చదువు రానివారే అధికం కనుక దానిని చదివి వినిపించవలసి వచ్చేది. ఏ ఊరిలో ఎవరి పశువులను జప్తు చేశారో, పటేల్ ఏమి చెప్పారో ప్రక్క ఊరివారికి తెలిసేది. చివరకు విచారణ జరిగి, పెంపుదల సుమారు 6 శాతానికి దిగివచ్చింది.

గ్రామాలకు బ్రాడ్‌బ్యాండ్ అన్న విషయానికి శిస్తు పోరాటంతో ఏమి సంబంధమని సందేహం కలుగవచ్చు. సంబంధం ఆ చదివి వినిపించిన మనిషి దగ్గర ఉన్నది. ఊరికి కాగితం చేర్చడం ఒక పని. ఊరివారి చెవికి మాట చేర్చడం మరొక పని. నేటి పథకాలలో మొదటి పనికి ఉన్నంత బడ్జెట్టు రెండవ పనికి లేదు.

ఇందుకు మరొక నిదర్శనం గుజరాత్ లోనే ఉన్నది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సహాయంతో దేశంలో ఉపగ్రహ టెలివిజన్ బోధన ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో టెలివిజన్ పెట్టెలు అమర్చారు. కార్యక్రమాలు అహమ్మదాబాదు భూకేంద్రం నుంచి ఉపగ్రహానికి వెళ్ళేవి. ఒకే బొమ్మకు రెండు భాషల ధ్వనులను జోడించే ఏర్పాటు కూడా అందులో ఉన్నది. తెలంగాణ పల్లె ప్రజలలో అనేకులు టెలివిజన్‌ను తొలిసారిగా చూచినది అప్పుడే. ఏడాది గడువు తీరగానే ఉపగ్రహాన్ని వెనుకకు తీసుకున్నారు. ఉన్నన్నాళ్ళు పెట్టెను కాపాడి, సాయంత్రం వేళకు తెరిచి, పనిచేయకపోతే కబురంపే బాధ్యత ఊరిలో ఎవరో ఒకరు వహించవలసి వచ్చింది. ఆకాశంలో 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న యంత్రం కూడా ఆ మనిషి చేతిలోని తాళపు చెవిపై ఆధారపడింది.

అయితే యంత్రజ్ఞానం పల్లెకు అలవడదన్న అభిప్రాయం సరికాదు. పాల సొసైటీలు దీనికి సమాధానం చెబుతాయి. సూరత్ జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సమాఖ్య 1951లో ఏర్పడింది. ‘సుముల్’ అన్న పేరుతో అందరికీ పరిచితం. మునుపు సొసైటీలో పాల నమూనాను సీసాలో పోసి, ఆమ్లం కలిపి వెన్న శాతం తేల్చేవారు. ఫలితం అప్పటికప్పుడు తెలిసేది కాదు. ధర ఎంత కట్టారో నమ్మవలసిందే. 1990 దశకం చివరి నుంచి గుజరాత్ సొసైటీలలో విద్యుత్ త్రాసు, వెన్న కొలిచే యంత్రం, వాటికి జోడించిన కంప్యూటరు వ్యాపించాయి. ఇల్లాలు బిందె ఒంపుతుంది. తూకం, వెన్న శాతం, రావలసిన పైకం అచ్చయిన చీటీ చేతికి వస్తుంది. నిన్నటికంటె వెన్న తగ్గితే ఆమె వెంటనే అడుగుతుంది. ఇంటికి పోయి గేదెకు వేసిన మేతను గురించి ఆలోచిస్తుంది. ఇందుకు ఆమె ఏ కంప్యూటరు తరగతిలోను కూర్చోలేదు. చీటీలోని అంకె ఆమె సొంత గేదెది, సొంత డబ్బుది. అందుకే చదవడం వచ్చింది.

దీనితో పోల్చదగినది 2017లో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్. ఇంటికి ఒకరి వంతున 6 కోట్ల మందికి 20 గంటల శిక్షణ ఇవ్వాలన్నది లక్ష్యం. 2024 మార్చిలో పథకం ముగిసేనాటికి సంఖ్య లక్ష్యాన్ని దాటింది. మంచిదే. కాని 20 గంటలలో నేర్చినది మరునాటి నుంచి ఏ పనికి వాడాలో ఊరిలో ఉండకపోతే ఆ విద్య పెట్టెలో పెట్టిన ధ్రువపత్రంతోనే ఆగిపోతుంది.

ఇక తీగ సంగతి. గ్రామ పంచాయతీలన్నిటికీ ఆప్టికల్ ఫైబర్ తీగ వేయాలన్న జాతీయ పథకానికి 2011 అక్టోబరులో ఆమోదం లభించింది. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు వచ్చింది. రెండున్నర లక్షల పంచాయతీల లక్ష్యంలో 2 లక్షలకు పైగా సేవకు సిద్ధమయ్యాయి. ‘సేవకు సిద్ధం’ అన్న మాటకు, సేవ నిత్యం అందుతున్నదన్న మాటకు నడుమ ఎడమున్నది. తొలి ఏర్పాటులో బ్లాకు కేంద్రం నుంచి పంచాయతీలకు తీగలు కొమ్మలవలె సాగాయి. రోడ్డు వెడల్పు చేసే జేసీబీ ఒకచోట తీగను తెంపితే ఆపైనున్న ఊళ్ళన్నీ మూగపోతాయి. ఈ నగరంలోని తెలుగు నేతగాండ్రకు దీనిని వివరించనక్కరలేదు. పోగు తెగితే మగ్గం ఆపి ముడివేసేవాడు ప్రక్కనే ఉంటాడు. తీగ తెగితే ముడివేసేవాడు ఏ పట్టణం నుంచో రావాలి, గాజు కొసలను కరిగించి అతికే యంత్రం వెంట తెచ్చుకోవాలి. 2023 ఆగస్టులో సుమారు 1,39,000 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరణ పథకంలో తీగను వలయంగా వేయాలని, పదేళ్ళ నిర్వహణ బాధ్యతను కూడా ఒప్పందంలో చేర్చాలని నిర్ణయించారు. వలయంలో ఒక ప్రక్క తెగినా రెండవ ప్రక్క నుంచి మాట చేరుతుంది. ఆలస్యంగానైనా ఇది సరియైన నిర్ణయం.

లింబాయత్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ తీగతో రెండు విధాల అవసరమున్నది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మగ్గం పనికి వచ్చినవారికి స్వగ్రామంలో ఎకరమో, అరెకరమో మిగిలి ఉంటుంది. ఆ భూమి రికార్డు, కుల ధ్రువపత్రం, జనన ధ్రువపత్రం ఒకప్పుడు సెలవు పెట్టి, రైలెక్కి వెళ్ళి తెచ్చుకోవలసినవి. 2011 నవంబరులో మొదలైన మీసేవ కేంద్రాల వలన కొంత ప్రయాణం తప్పింది. అక్కడ ఊరిలో తీగ పనిచేస్తేనే ఇక్కడ నేతగాని ఒకరోజు కూలి నిలుస్తుంది.

రెండవది రేషను. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్–తెలంగాణ ఒక జంటగా, గుజరాత్–మహారాష్ట్ర మరొక జంటగా రేషను కార్డును ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రంలో వాడుకునే పద్ధతి మొదలైంది. 2020 జనవరి 1 నాటికి ఈ నాలుగింటితో సహా 12 రాష్ట్రాలు ఒకే సమూహమయ్యాయి. తెలంగాణ కార్డుతో సూరత్‌లో గోధుమలు తీసుకోవడం సాధ్యమైంది. భాషలు వేరైనా దేశం ఒకటన్న మాట ఉపన్యాసాలలో తరచు వినబడుతుంది. అది రేషను దుకాణం త్రాసు మీదికి దిగివచ్చిన సందర్భమిది. కాని దుకాణంలోని యంత్రానికి సంకేతం అందాలి, వ్రేలిముద్ర కుదరాలి. శ్రమతో అరిగిన వ్రేళ్ళ గీతలను యంత్రం గుర్తించకపోవడమూ ఉన్నది. అప్పుడేమి చేయాలో గుజరాతీలో అడగలేని ముసలామె సంచి మడుచుకొని వెనుదిరుగుతుంది.

భాష చిక్కు వలస వచ్చినవారికి మాత్రమే కాదు. జిల్లా తూర్పు అంచున ఉమర్‌పాడా తాలూకాలో వసావా గిరిజనులు అధికం. వారు ఇంటిలో మాట్లాడేది వసావీ. పంచాయతీ తెరపై కనబడేది గుజరాతీ. స్వంత జిల్లాలోనే వారికీ అనువాదకుడు కావాలి.

ఆ అనువాదకుని పని గుజరాత్‌లో ఈ-గ్రామ్ కేంద్రం నడిపే గ్రామ కంప్యూటర్ నిర్వాహకుడు చేస్తున్నాడు. 2020 అక్టోబరు 8న ప్రారంభమైన డిజిటల్ సేవా సేతు క్రింద ఒక్కొక్క సేవకు 20 రూపాయల రుసుముతో ధ్రువపత్రాలు పంచాయతీలోనే ఇచ్చే ఏర్పాటు జరిగింది. తాలూకా కార్యాలయానికి బస్సు ఛార్జీ, పోయిన కూలి లెక్కిస్తే ఆ 20 రూపాయలు భారం కావు. కాని నిర్వాహకునికి నెలజీతం లేదు, కమిషనే ఆదాయం. రహదారి ప్రక్కనున్న పెద్ద ఊరిలో అది ఇల్లు గడుపుతుంది. ఉమర్‌పాడా కొండలలోని ఊరిలో దినానికి ముగ్గురో, నలుగురో వస్తారు. వచ్చినవారికి ఫారము చదివి, వసావీలో అర్థం చెప్పి, తప్పులు దిద్దడానికి ఒక్కొక్కరికి అరగంట పడుతుంది. కమిషను మాత్రం పెద్ద ఊరిలో ఐదు నిమిషాల పనికి వచ్చినంతే. ఆ అరగంటకు పంచాయతీ ఇవ్వాలా, రాష్ట్రం ఇవ్వాలా, తీగ వేసిన కేంద్రం ఇవ్వాలా అన్నది ఇంకా ఏ ఖాతాలోను చేరలేదు.