పిల్లలతోఁ గొండ నెక్కుట



బడులకు సెలవు లిచ్చినతోడనే మన పల్లెలలో ననేక కుటుంబములు తిరుపతి ప్రయాణమునకు సన్నద్ధ మగుట మీ రెఱిఁగినదే. అందుఁ గొందఱు పిల్లలను వెంటఁబెట్టుకొని కాలినడకను కొండ నెక్కఁదలఁతురు. ఆ నడకను గుఱించి నాలుగు మాటలు నేఁడు మనవి చేసెదను. దేవుని మహిమను వర్ణించుట నా యుద్దేశము కాదు. అది మీకు నాకంటె బాగుగాఁ దెలియును. నేను చెప్పఁబోవునది పిల్లల కాళ్లను గుఱించి, వారి యాఁకలిని గుఱించి, పెద్దల జాగ్రత్తను గుఱించి మాత్రమే.

1944వ సంవత్సరమున మొదటి ఘాటురోడ్డు తెఱచువఱకు తిరుమలకుఁ బోవువారికి సొంతకాళ్లో, డోలీ మోయువారి భుజములో తప్ప వేఱు గతి లేదు. నేఁడు బస్సు గంట లోపలనే పైకిఁ జేర్చుచున్నది. అట్లుండఁగాఁ బిల్లలను నడపించుట యేల యని కొంద ఱడుగుదురు. బస్సులోఁ బోయిన పిల్లవాఁడు కొండను చూడఁడు, మలుపులను మాత్రమే చూచును. అదియు కడుపులోఁ ద్రిప్పకున్నప్పుడు. నడచిన పిల్లవానికి శేషాచలము ఱాయిగాను, చెట్టుగాను, చెమటగాను దెలియును. నడపింపవలసినదే యని నా మతము. అయితే యెట్లు నడపింపవలెనో తెలిసి నడపింపవలెను.

మార్గములు రెండు. అలిపిరినుండి పోవునది సుమారు తొమ్మిది కిలోమీటర్లు, మెట్లు 3550. శ్రీనివాసమంగాపురము వైపునుండి పోవు శ్రీవారిమెట్టు రెండు కిలోమీటర్లకుఁ గొంచెము మించును, మెట్లు ఇంచుమించు 2400. దూరము తక్కువ గదా యని రెండవదానిని పిల్లలకు సులభమని తలఁపరాదు. అది నిట్టనిలువు. అలిపిరిదారిలోనైనను గాలిగోపురము దాఁక నెక్కుడు మిక్కుటము. ఆపైఁ జాలదూర మించుమించు సమతలముగా నడచి, చివర మోకాళ్లపర్వతముకడ మరల మెట్లు నిలువుగాఁ దగులును. రామానుజులవా రచటఁ బాదములు మోప నొల్లక మోకాళ్లతో నెక్కిరని యైతిహ్యము. గాలిగోపురము చేరఁగానే “అయిపోయినది” అని పిల్లలతోఁ జెప్పకుఁడు. ఆ మాట నమ్మిన పిల్లవాఁడు మోకాళ్లపర్వతముకడ మిమ్ముఁ జూచు చూపు భరింపలేరు.

ఆ మోకాళ్లపర్వతమే తాళ్లపాక అన్నమాచార్యులవారి కథకును స్థానము. ఆయన మనుమఁడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన చరిత్రము 1949లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో వెలువడినది. ఎనిమిదేండ్ల బాలుఁ డింట నెవరికిని చెప్పకయే యాత్రికులతోఁ గలసి తిరుమల కెక్కుచు, ఆఁకలిచే సొమ్మసిల్లి, చెప్పులతోనే యొక శిలపైఁ బండుకొన్నాఁడఁట. అలమేలుమంగమ్మ ముత్తైదువ రూపమున వచ్చి ప్రసాదము పెట్టి యాఁకలి దీర్చినదఁట. భక్తు లీ కథను భక్తితోఁ జదువుదురు. బడిపంతులుగా నేను చదువునప్పుడు మఱియొకటి కనఁబడును: ఎనిమిదేండ్లవాఁడు ఖాళీకడుపుతో నంత యెత్తెక్కినచో సొమ్మసిల్లకుండుట యెట్లు? మన పిల్లల కడుపునకు మనమే యేర్పాటు చేయవలెను. బయలుదేఱుటకు గంట ముందు తేలికయైన యాహారము పెట్టుఁడు. దారిలోఁ దినుటకు అటుకులు, బెల్లము, వేరుసెనగలు చాలును. మజ్జిగ, నీళ్లు దప్పిక యగువఱకు వేచియుండక కొంచెము కొంచెముగాఁ ద్రాగింపవలెను. తినుబండారములు సంచిలో మూసియుంచుఁడు. కోఁతుల కన్ను మనకన్నుకంటెఁ జుఱుకైనది.

ముప్పది యేండ్లు పిల్లలతోఁ గాలము గడపినవాఁడను గనుక నొకమాట. పెద్దవాఁడు మెల్లగా నడచినను ఒక్కతీరున నడచును. పిల్లవాఁడు పరుగెత్తును, నిలుచును, కూర్చుండును, మరల పరుగెత్తును. వాని కలసట వచ్చినట్లు వాఁడు చెప్పఁడు. మాటలాడుచున్నవాఁడు ఊరకున్నప్పుడు, చిన్నదానికే యేడ్చినప్పుడు, నీ రిచ్చిన వద్దన్నప్పుడు, కాళ్లు కాదు, వాని మొగము చూడుఁడు. నీడపట్టునఁ గూర్చుండఁబెట్టుఁడు. అందఱిలోఁ జిన్నవాని నడకయే కుటుంబమున కంతకు నడక కావలెను. ఎండకాలమున మధ్యాహ్నమునఁ గాళ్లక్రింది ఱాయి కాలును. ఇందుచేతనే వేసవికంటెఁ గార్తికము మొదలు పుష్యము దాఁకఁ గల కాలము పిల్లలకు మేలని నేను చెప్పుదును. ఐదేండ్ల లోపు పిల్లల నెత్తుకొనఁగలవాఁడు వెంట లేనిచో బస్సే మేలు. పిల్లవానికి జ్వరము తగ్గినచో నడిపించి తెచ్చెదనని మ్రొక్కుకొన్న తల్లులను చూచితిని. మ్రొక్కు తల్లిది, కాళ్లు మాత్రము పిల్లవానివి! తల్లి నడచి, పిల్లవానిని తండ్రితో బస్సులోఁ బంపినచో స్వామి యలుగునని నేను నమ్మను.

ఇఁక వినుటకుఁ గష్టమైనను చెప్పక తప్పని విషయ మున్నది. 2023వ సంవత్సరము జూన్ నెలలో అలిపిరి నడకదారిలో నొక బాలుని చిఱుతపులి పట్టుకొనిపోఁగా, జనులు కేకలు వేసి వెంబడించుటచే విడిచిపోయినది, బాలుఁడు బ్రదికెను. ఆగస్టులో ఆఱేండ్ల బాలిక నట్లే పట్టుకొనిపోయినది. ఆ బిడ్డ దక్కలేదు. పిమ్మట బోనులు పెట్టి చిఱుతలను బట్టిరి, కాలినడకవారికిఁ గఱ్ఱలు పంచిరి, పిల్లలతోఁ బోవువారికి వేళల నిర్ణయించిరి. ఆ వేళలు మాఱుచుండును గనుక ముందురోజే యలిపిరికడ విచారించుకొనుఁడు. కఱ్ఱ మంచిదే. కాని చిఱుత స్వభావము తెలిసికొనుట యంతకంటె మంచిది. అది పొదలచాటునఁ బొంచి, ముఖ్యముగా సందెచీఁకటిలోను రాత్రియందును వేఁటాడును, గుంపునకు వెఱచును, ఒంటిగా నున్న చిన్నప్రాణిని గుఱిగా నెంచుకొనును. ముందు పరుగెత్తిపోయిన బిడ్డయు, వెనుకఁ జిక్కినబిడ్డయు దాని కంటి కట్టి ప్రాణులే. కాఁబట్టి ముందొక పెద్దవారు, వెనుక నొక పెద్దవారు, నడుమ పిల్లలు. పండ్రెండేండ్ల లోపువారి చేయి విడువరాదు. ప్రొద్దు పొడిచిన పిమ్మట బయలుదేఱి, ప్రొద్దు వాలకముందే పైకిఁ జేరునట్లు లెక్క చూచుకొనవలెను. దారిప్రక్క నన్నము పాఱవేయువారికి నొక మనవి: ఆ యన్నమునకుఁ గుక్కలు వచ్చును, కుక్కలకై చిఱుత వచ్చును. జింకలకు మేఁత పెట్టుటయు నట్టిదే. పుణ్య మనుకొని చేయు పని రేపు మఱియొకరి బిడ్డకు ముప్పు కాఁగలదు.

భయపెట్టుటకై చెప్పలేదు. వేలకొలఁది జనులు నిత్యమును క్షేమముగా నెక్కుచున్నారు. పిల్లలకును భయము చెప్పవలదు, చూడవలసినవి చెప్పుఁడు. రక్తచందనము ప్రపంచమున మన యీ కొండల ప్రాంతమందే సహజముగాఁ బెరుగును. దాని గుండ్రని వెడల్పు కాయను చూపుఁడు. ఆ యడవి శేషాచల జీవావరణ ప్రాంతముగా 2010లోఁ బ్రకటింపఁబడినది. ఘాటురోడ్డు ప్రక్కన నొకచోటఁ బొరలు పొరలుగా నున్న ఱాయి క్రింద మఱియొక జాతి ఱాయి కనఁబడును. ఆ రెంటికిని నడుమఁ గొన్ని కోట్ల యేండ్లు గాదు, పదులకోట్ల యేండ్లు గడచినవని భూశాస్త్రజ్ఞులు చెప్పుదురు. తాతగారి వయస్సే యెక్కు వనుకొను పిల్లవాని కది చెప్పి వాని మొగము చూడుఁడు.

తాతగారి మాట వచ్చినది గనుక, గుండెజబ్బు, ఆయాసము గల పెద్దలు మనుమల యుత్సాహముతోఁ బోటీపడవలదు. బస్సులో ముందుగాఁ బోయి పైన నెదురుచూచుట చిన్నతనము గాదు. దిగునప్పుడు మాత్ర మందఱును బస్సే యెక్కుఁడు. ఎక్కుటకంటె దిగుటయందే మోకాళ్లపై భారము హెచ్చు, పిల్లలు దూఁకుచు దిగి పడుటయు నప్పుడే. దర్శనపు వరుసలోనికిఁ బోకముందే తరిగొండ వెంగమాంబ పేరఁ గల యన్నప్రసాద భవనమునఁ బిల్లలకుఁ గడుపునిండఁ బెట్టించి, గంటసేపైనను నిద్రపుచ్చుఁడు.