రొయ్యల షెడ్డులో గచ్చు



భీమవరం, కాకినాడ, విశాఖపట్నం వైపు రొయ్యల ఫ్యాక్టరీలున్నాయి. తలలు తీసేది, పొట్టు ఒలిచేది ఎక్కువగా ఆడవాళ్లే. పొద్దస్తమానం తడి నేల మీద నిలబడే పని. కాలు జారితే నడుం విరుగుతుంది. అందుకే ఇవాళ గచ్చు గురించి మాట్లాడుకోవాలి.

సిమెంటు గచ్చు రాయిలా కనపడుతుంది. కానీ దానికి సన్న రంధ్రాలుంటాయి. ఉప్పునీరు, రొయ్యల నీరు అందులోకి ఇంకుతాయి. కొన్నాళ్లకు పెచ్చులూడుతుంది. గుంటల్లో మురికి చేరుతుంది. ఎంత కడిగినా నీచు వాసన పోదు, క్రిములు పెరుగుతాయి.

అందుకని పైన ఎపాక్సీ పూత వేస్తారు. ఇది మామూలు రంగు కాదు. ఒక డబ్బాలో జిగురులాంటి రెజిన్ ఉంటుంది. రెండో డబ్బాలో దాన్ని గట్టిపరిచే మందు. పాలల్లో తోడు వేసినట్టు అనుకోండి. కాకపోతే తోడు ఎక్కువైతే పెరుగు పులుస్తుంది, అంతే. ఇక్కడ కొలత తప్పితే పూత జిగటగానే ఉండిపోతుంది. కలిపినది ఎండాకాలంలో డబ్బాలోనే గడ్డ కడుతుంది. ఎంత పరచగలరో అంతే కలపాలి.

అసలు పని పూతకు ముందే ఉంది. కొత్త గచ్చయితే 28 రోజులు ఆగాలి. పాతదయితే జిడ్డు పోగొట్టి, మిషనుతో గీకి గరుకు చేయాలి. చెమ్మ చూడటానికి చవక ఉపాయం ఉంది. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగంచులూ టేపుతో అంటించాలి. మర్నాడు తీసి చూడాలి. అడుగున నీటిచుక్కలున్నా, గచ్చు నల్లబడినా చెమ్మ ఉన్నట్టే. దాని మీద పూత వేస్తే పొక్కులు లేచి అప్పడంలా ఊడొస్తుంది. తొందరపడే యజమానులు ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు.

ఇంకో సంగతి. నున్నటి ఎపాక్సీ తడిస్తే చేప ఒంటిలా జారుతుంది. పూత పచ్చిగా ఉండగానే సన్న ఇసుక చల్లి, పైన మరో పూత వేయాలి. అద్దంలాంటి నేల ఆఫీసు గదికి బాగుంటుంది. రొయ్యలు ఒలిచేచోట గరుకే మేలు.

రొయ్యలు ఉడికించేచోట మాత్రం ఎపాక్సీ సరిపడదు. కాగే నీళ్లు పడీ పడీ మెత్తబడుతుంది, పగులుతుంది. అక్కడ సిమెంటు కలిసిన పాలీయురిథేన్ వేయడం మంచిది.

పూత వేసే కూలీలకు చేతి తొడుగులుండాలి. పచ్చి ఎపాక్సీ తగిలితే దురద, దద్దుర్లు రావచ్చు. ఒకసారి ఒంటికి పడకపోతే, తర్వాత కొంచెం తగిలినా మళ్లీ వస్తాయి. థిన్నరుతో చేతులు కడగరాదు. అది మందును చర్మంలోకి ఇంకా దిగేలా చేస్తుంది. సబ్బు నీళ్లు వాడాలి. గాలి ఆడేలా తలుపులు తీసి ఉంచాలి.

మర్నాటికి పూత గట్టిగానే కనపడుతుంది. అయినా నీళ్లు పోసి కడగడానికి, బరువులు దించడానికి వారం రోజులు ఆగాలి.